బూడిదరంగు చుక్కలు

పైడిరాజు వెబ్‌సైట్‌కి రోజుకు యాభై వేలమంది వస్తున్నారన్న సంగతి విజయనగరం బస్ కాంప్లెక్స్‌లో తెలియనివాళ్ళు లేరు. టీ కొట్టాయనకి తెలుసు, చెరుకురసం బండావిడకి తెలుసు, డ్రైవర్లకీ కండక్టర్లకీ సరే సరి. ఆయనే చెప్పాడు మరి. దాచుకునే రకం కాదు. ఒకప్పుడు నోరు విప్పడానికే వణికిన మనిషి, ఇప్పుడు అదే కాంప్లెక్స్‌లో మైకు పట్టుకుని బస్సులు పిలుస్తున్నాడు. అలాంటివాడికి ఒక గొప్ప దొరికితే ఊరంతా వినాల్సిందే.

పైడిరాజుకి చిన్నప్పటినుంచీ నత్తి. ముప్ఫయ్యేళ్ళు దాటేదాకా కొట్లో ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపించడమే తప్ప అడిగింది లేదు. తర్వాత తనకు తానే ఒక సాధన కనిపెట్టుకుని, పట్టు వదలకుండా చేసి, మాటను దారిలో పెట్టుకున్నాడు. ఆ సాధననే పాఠాలుగా రాసి, తనలాంటివాళ్ళకి పనికొస్తుందని ఒక వెబ్‌సైట్ తెరిచాడు. రోజూ డ్యూటీ దిగి ఇంటికొచ్చి కొత్త పాఠం రాసేవాడు. పేజీ అడుగున ఆ రోజు ఎంతమంది వచ్చారో చూపించే అంకె ఉంటుంది. అది చూసుకున్నాకే అన్నానికి కూర్చునేవాడు.

"ఆ యాబైయేలమందిలో ఒక్కలైనా మనింటికొచ్చి మంచినీళ్ళు తాగినోల్లు నేరు గదరా" అని వాళ్ళమ్మ అప్పలనరసమ్మ ఆటపట్టించేది.

"వాళ్ళంతా వస్తే మన కుండ సరిపోదమ్మా" అనేవాడు, ఒక్క తొట్రుపాటు లేకుండా.

ఆయన భార్య హిమబిందుది వేరే లోకం. రోజూ రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. వెబ్‌సైట్లకి వచ్చేవాళ్ళు అసలెవరు, ఎటునుంచి వచ్చారు, ఎంత మనసు పెట్టి చదివారు, ఇవి పట్టుకునే పరికరం ఒకటి తయారుచేయడం ఆమె పని. దానికి 'అతిథిదర్శిని' అని పేరు కూడా తనే పెట్టింది. అది టిఫిను డబ్బా అంత ఉంటుంది. చూడ్డానికి ఏమీ ఉండదు గానీ, దాని వెనక నాలుగేళ్ళ చాకిరీ ఉంది.

ఒక ఆదివారం పొద్దున దాన్ని ఇంటికి తెచ్చింది.

"ఏమండీ, మీ సైట్ మీద పెట్టి చూడనా? బయటివాళ్ళకి చూపించేముందు ఇంట్లో ఒకసారి చూసుకుంటే నయం కదా."

"పెట్టు పెట్టు. యాభై వేలమంది! నీ డబ్బా తట్టుకుంటుందా అని."

ఇప్పుడొచ్చే ఫోన్ల గాజు, వేలి ఒత్తిడినే కాదు, వేలికొసలో నరం వణికే వణుకుని కూడా పట్టుకుంటుంది. ఆ వణుకుని చదువుతుంది అతిథిదర్శిని. తెర మీద ఒక్కో మనిషికి ఒక్కో చుక్క వెలుగుతుంది. ఏదో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు పసుపు. ఎవరో పంపిన లింకు నొక్కి వచ్చినవాళ్ళు ఆకుపచ్చ. ప్రకటన చూసి వచ్చినవాళ్ళు ఎరుపు. అడ్రసు గుర్తుపెట్టుకుని తిన్నగా వచ్చినవాళ్ళు నీలం. చుక్క ఎంత మెరిస్తే అంత శ్రద్ధగా చదువుతున్నట్టు. మనిషి కాక యంత్రమైతే మాత్రం బూడిదరంగు.

పరీక్షకని హిమబిందు తన ఫోన్‌లో ఆ పేజీ తెరిచింది. తెర మీద వెలిసిపోయిన నీలం చుక్క ఒకటి వచ్చి, కునికి, ఆరిపోయింది. 'ఊరికే తొంగిచూసిన మనిషి' అని పక్కన రాసింది డబ్బా.

పైడిరాజు పగలబడి నవ్వాడు. "నిజమే చెప్తోందే! నా పాఠం ఒక్కటైనా చదివావా నువ్వు?"

"ఇంట్లో మనిషి రాసింది ఎక్కడికి పోతుందండీ. తీరిక దొరికితే చదువుతా." ఆ తీరిక కోసం ఆమె మూడేళ్ళుగా చూస్తోంది.

తర్వాత అందరి చుక్కలూ రావడం మొదలైంది. ఒకటి, పది, వంద. అన్నీ బూడిదరంగే. చూస్తుండగా తెరంతా పొయ్యిలో బూడిద ఎత్తి కుమ్మరించినట్టయింది. మధ్యలో ఎక్కడో నాలుగు పసుపు చుక్కలు కనిపించాయి. వాళ్ళు సినిమాల్లో నత్తివాళ్ళ మీద కట్టిన హాస్యం వెతుక్కుంటూ వచ్చి, అది లేదని తెలిసి వెళ్ళిపోయినవాళ్ళు.

"ఏరీ నా మనుషులు?" అన్నాడు పైడిరాజు.

ఇక్కడ హిమబిందు ఒక అబద్ధం ఆడి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ పరిశోధనశాలలో పనిచేసేవాళ్ళకి ఆ విద్య అంతగా అబ్బదు. "యంత్రాలండీ. ఇంటర్నెట్‌లో తెలుగు ముక్క ఎక్కడ కనిపించినా ఎత్తుకుపోయే యంత్రాలు తిరుగుతుంటాయి. మనుషులు రోజు మొత్తమ్మీద ఓ పదిమంది ఉంటారేమో. వాళ్ళూ నిలబడట్లేదు."

పైడిరాజు తెర మీంచి చూపు తిప్పి, "పోనీలే, యంత్రాలకైనా నత్తి తగ్గుతుంది" అన్నాడు. వంటింటి గుమ్మంలో ఉన్న అప్పలనరసమ్మతో సహా ముగ్గురూ నవ్వారు. ఆ సాయంత్రం ఆయన పాఠం రాయలేదు. ఒక్కరోజే కదా అని హిమబిందు పట్టించుకోలేదు.

పరిశోధనశాల పెద్ద శ్రీహరి పట్నాయక్ గారు మాత్రం ఈ కబురు విని ఎగిరి గంతేసినంత పనిచేశారు. "సొంత ఇంటి సైట్‌నే మొహమాటం లేకుండా కడిగేసిందంటే ఇక తిరుగులేదమ్మా!" పెద్ద బేరం ఒకటి దగ్గరపడింది మరి. ఆస్పత్రి టోకెన్లూ పింఛన్ దరఖాస్తులూ తీసుకునే సైట్లని దళారుల యంత్రాలు ముంచేస్తున్నాయి. తెల్లారేసరికి టోకెన్లన్నీ అవే ఎగరేసుకుపోతున్నాయి. వాటిని ఆపగలిగే పరికరం ఎవరిదగ్గరుంటే వాళ్ళని నెత్తిన పెట్టుకోవడానికి అధికారులు సిద్ధంగా ఉన్నారు.

"చూస్తే చాలదు, తలుపు కూడా పెట్టు" అన్నారు పట్నాయక్ గారు. "యంత్రమని తేలితే మొహమ్మీదే వేసేయాలి."

హిమబిందు తలుపు పెట్టింది. బయట నిలబడిపోయినవాళ్ళకి కనిపించే మాట కూడా తనే రాసింది. 'మీరు మనిషి కాదని తేలింది. యంత్రాలకు ప్రవేశం లేదు.' కాస్త కటువుగా ఉందనిపించింది గానీ, యంత్రాలకి మర్యాదేమిటని వదిలేసింది. ముందుగా భర్త సైట్‌కే ఆ తలుపు బిగించింది. అడిగితే ఆయన, "ఎవరూ లేని ఇంటికి తాళం వేస్తే ఏం, వేయకపోతే ఏం" అన్నాడు.

వారం గడిచింది. పేజీలో పైడిరాజు ఫోన్ నంబరు ఉంది. ఒక్క ఫోన్ రాలేదు. "చూశావా, ఒక్క ఫిర్యాదు లేదు. మనిషైతే ఫోన్ చేసి తిట్టడూ?" అన్నారు పట్నాయక్ గారు. ఆ మాట ఆమెకి సబబుగానే తోచింది.

ఇంట్లో మాత్రం సంగతి వేరుగా ఉంది. మొదట అన్నం దగ్గర మొదలైంది. పైడిరాజు పెరుగు అడగబోయి, "పె... పె..." అని ఆగిపోయాడు. గరిటె పట్టుకున్న అప్పలనరసమ్మ చెయ్యి అక్కడే నిలిచిపోయింది. ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంట్లో వినపడని చప్పుడది.

తర్వాత మైకు దగ్గర. ఆ సాయంత్రం హిమబిందు రైలు దిగి, భర్తతో కలిసి ఇంటికెళ్ళొచ్చని కాంప్లెక్స్‌కి వచ్చింది. స్పీకర్లలోంచి ఆయన గొంతు వస్తోంది. "ప్రయాణికులకు వి... వి..." అని, ఆపైన ఊపిరి చప్పుడు తప్ప మాట లేదు. బెంచీ మీద కుర్రకారు కిసుక్కుమన్నారు. "తొయ్యండ్రా, బండి స్టార్టవట్లేదు" అన్నాడొకడు. హిమబిందుకి ఒళ్ళంతా మంటెక్కింది. వాణ్ణి ఏదో అనబోయి, అనే హక్కు తనకుందా అనిపించి ఊరుకుంది.

పైడిరాజు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. డిపో మేనేజరు మంచివాడే. కొన్నాళ్ళు చూద్దామన్నాడు, మాట కుదురుకోకపోతే పార్శిల్ కౌంటరుకి మారుస్తానన్నాడు. అక్కడ మాట్లాడే పని ఉండదు. వినేవాళ్ళకి అదేదో తేలికపాటి ఉద్యోగంలా ఉంటుంది గానీ, పైడిరాజుకి అది ముప్ఫయ్యేళ్ళు తను బతికిన చోటే. వేలు పెట్టి చూపించుకుంటూ బతికిన చోటు.

"మళ్ళీ సాధన చెయ్యండి. మీరు కనిపెట్టిందే కదా" అంది హిమబిందు.

ఆయన ఆమెకేసి తిరిగాడు. "బి... బిందూ, మూ... మూడేళ్ళు నేను మా... మాట్లాడింది ఎవరితో?"

కోడలిని ఒక్కమాట అనని అప్పలనరసమ్మ కూడా ఆ రోజు వంటింట్లోంచి, "నీ డబ్బా ఏటి సేసినాదమ్మా మావోడికి?" అంది. అందులో కోపం లేదు. అందుకే హిమబిందుకి మరీ కష్టమనిపించింది. అధికారులు పరికరం చూడ్డానికి వచ్చేది ఆ వారమే. ఆమెకి సంతోషం కొంచెమైనా లేదు.

ఆ మర్నాడు హిమబిందు రైలెక్కకుండా డబ్బా ముందేసుకుని ఇంట్లోనే పనిచేసుకుంటుంటే, ఇంకా పొద్దు వాలకముందే ఎవరో తలుపు కొట్టారు. అప్పలనరసమ్మ తీసింది. గుమ్మంలో ఖాకీ చొక్కా వేసుకున్న అమ్మాయి, భుజాన కండక్టరు సంచి.

"సా... సార్ ఉన్నారా?"

"ఎవులమ్మా నువ్వు?"

"ఢి... ఢి..."

అప్పలనరసమ్మ అందించలేదు, తొందరపెట్టలేదు, మొహం తిప్పుకోలేదు. ఏమీ జరగనట్టు ఊరికే నిలబడింది. కొడుకు దగ్గర నేర్చుకున్న ఓర్పు అది.

"ఢిల్లీశ్వరి. పాలకొండ బస్సు కండక్టర్ని." ఆ అమ్మాయి లోపలికొచ్చి నిలబడే చెప్పింది. "సార్ గొంతు వారం నుంచి కాం... కాంప్లెక్స్‌లో ఇనబడ్నేదు. ఇటు సైటూ మూసేసినారు. ఒ... ఒంట్లో బాగోనేదేమో అని కనుక్కుందారని వచ్చినాను."

"సైట్ మూయలేదే" అంది హిమబిందు. "ఎవరు చెప్పారు?"

ఢిల్లీశ్వరి ఫోన్ తీసి చూపించింది. తెర మీద హిమబిందు రాసిన మాటే ఉంది. 'మీరు మనిషి కాదని తేలింది.'

"సిన్నప్పుడు బళ్ళో అందరూ న... నవ్వీవోరు మేడం. మే... మేకలా అరుస్తాదనీవోరు. మనిషివి కాదని మా... మాత్రం ఎవులూ అన్నేదు."

హిమబిందు ఆ ఫోన్‌ని చేతిలోకి తీసుకుంది గానీ, ఆ అమ్మాయి మొహంలోకి చూడలేకపోయింది.

"ఎన్నాళ్ళుగా చదువుతున్నావమ్మా?"

"సమచ్చరం పైనే. రోజూ బ... బస్సెక్కేముందు."

"మరి ఫోన్ చేసి అడగొచ్చు కదా? నంబరు అక్కడే ఉంది."

ఢిల్లీశ్వరి ఆమెకేసి వింతగా చూసింది. "నత్తోలం మేడం. పో... పోన్ సేసి ఏటని సెప్తాం?"

అప్పలనరసమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. హిమబిందుకి అసలు సంగతి అప్పుడు తట్టింది. ఒక్క ఫోన్ రాలేదని మురిసిపోయారు తామంతా. ఫోన్ చేయలేనివాళ్ళ కోసమే పెట్టిన సైట్ అది!

గబగబా డబ్బా తెరిచి తలుపు తీసేసింది. "ఎలా చదువుతావో ఒక్కసారి చదివి చూపించమ్మా."

ఢిల్లీశ్వరి పాఠం తెరిచింది. ఒక్కో అక్షరం మీద వేలు వేసి, ఆ వేలితోపాటే అక్షరం పలికింది. "ప... డ... వ... మె... ల్ల... గా... క... ది... లిం... ది." గాజు మీద టక్కు టక్కుమని ఒకటే దరువు. అంతసేపూ తడబడిన గొంతు ఆ దరువు మీద సాఫీగా సాగిపోయింది. అదే సమయంలో అతిథిదర్శిని తెర మీద కొత్త చుక్క ఒకటి వెలిగింది. అది బూడిదరంగుది.

"ఇలా వేలు వెయ్యమని ఎవరు చెప్పారు?"

"మొదటి పాఠంలో అదే గదా ఉన్నాది. మీరు స... సదవనేదా మేడం?"

చదవలేదు. అక్కడే ఉంది తిరకాసంతా. మనిషి వేలు ఎప్పుడూ ఒకే దరువులో పడదు, యంత్రానిదే పడుతుంది అన్నది అతిథిదర్శినికి ఆమె నేర్పిన మొదటి సూత్రం. మనుషుల వేళ్ళెలా పడతాయో నేర్పడానికి పరిశోధనశాలవాళ్ళనీ, వాళ్ళ ఇళ్ళవాళ్ళనీ, క్యాంటీన్‌లో పిల్లల్నీ కూర్చోబెట్టి చదివించారు. వాళ్ళందరూ పైకి పలక్కుండా మనసులోనే చదువుకున్నవాళ్ళే. ఆ సూత్రం బయట ఎక్కడా, ఇంట్లో కూడా చెప్పకూడదని ఆమె దగ్గర సంతకం పెట్టించుకున్నారు. అక్షరానికో దెబ్బ వెయ్యమని పాఠంలో రాసిన మనిషికి ఆ సూత్రం తెలిసి ఉంటే ఆ ఆదివారమే నవ్వేసి ఉండేవాడు. సూత్రం తెలిసిన మనిషి పాఠం చదివి ఉన్నా అంతే. ఒకే కంచంలో తినే ఇద్దరి దగ్గర చెరో సగం ఉండిపోయింది.

లోపలిగది తలుపు తెరుచుకుంది. తన పాఠం ఇంకొకరి నోట విని పైడిరాజు లేచొచ్చాడు. గడ్డం మాసి ఉంది. "ఇం... ఇంకోసారి చదవండమ్మా" అన్నాడు.

ఢిల్లీశ్వరి చదివింది. ఈసారి గొంతు ఇంకాస్త తేటగా ఉంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"మీకు నా సై... సైట్ గురించి ఎవరు చెప్పారు?"

"సాలూరు డిపోలో ఒక మెకానిక్కు సెప్పినాడు సార్. ఆడికి ఆడి బా... బావమరిది. నాను ఇద్దరికి సెప్పినాను. అడ్రసు కంఠతా ఉన్నాది మాకు."

నోటిమాటగా పాకిందన్నమాట. అదీ మాట తడబడే నోళ్ళ మీదుగా. పైడిరాజు భార్యకేసి తిరిగాడు.

"రేపు చూసి చెప్తానండీ. ఉన్నది ఉన్నట్టు చెప్తాను" అంది హిమబిందు. ఈలోపు అప్పలనరసమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చి ఢిల్లీశ్వరి చేతిలో పెట్టి, కొడుకుని చూసి కళ్ళొత్తుకుంది.

మర్నాడు పరిశోధనశాలలో హిమబిందు ఎవరితోనూ మాట్లాడకుండా బూడిదరంగు కుప్ప ముందు కూర్చుంది. యంత్రాలని పక్కకి తోసేసిన లక్షల చుక్కల కుప్ప అది. బియ్యంలో రాళ్ళేరడం అందరికీ తెలుసు. ఇది రాళ్ళలో బియ్యం ఏరడం. ఎలా ఏరాలో ఢిల్లీశ్వరి వేలు నేర్పింది. యంత్రం దరువులో ఎక్కడా తేడా ఉండదు. ఈ మనుషుల దరువులో కష్టమైన అక్షరానికి ముందు రవ్వంత ఆలస్యం ఉంటుంది. ఆ అక్షరం దాటగానే రవ్వంత తొందర ఉంటుంది. గండం గట్టెక్కినవాళ్ళ తొందర అది.

ఆ తేడాతో జల్లెడ పట్టింది. యంత్రాలు యంత్రాలుగా కింద పడిపోయాయి. రోజుకు నలభై తొమ్మిది వేల పైచిలుకు నిజంగా యంత్రాలే. జల్లెడలో మిగిలినవాళ్ళు మూడొందల పైన ఉన్నారు.

ఒక్కొక్కళ్ళనే చూసింది. వీళ్ళలో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు లేరు, ప్రకటన చూసి వచ్చినవాళ్ళు లేరు. అందరూ అడ్రసు కంఠతా పట్టి తిన్నగా వచ్చినవాళ్ళే. పాఠం చివరిదాకా చదవకుండా వెళ్ళిన మనిషి లేడు. నాలుగేళ్ళలో ఆమె కొన్ని వందల సైట్లు కొలిచింది. ఇంత మంచి అతిథులు ఏ సైట్‌కీ లేరు. తలుపు వేసి ఉన్నన్నాళ్ళూ కూడా వాళ్ళు రోజూ వచ్చారు. మీరు మనిషి కాదని చదువుకుని, మర్నాడు మళ్ళీ వచ్చారు. అది చూశాక హిమబిందుకి ఏడుపు ఆగలేదు. పక్క బల్లవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేదు.

మొహం కడుక్కుని పట్నాయక్ గారి గదికి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన మొదట ససేమిరా అన్నారు. "ఎల్లుండి వాళ్ళొస్తుంటే ఇప్పుడా అమ్మా చెప్పేది? ఎక్కడో మూడొందలమంది నత్తివాళ్ళ కోసం..."

"నత్తివాళ్ళతో ఆగదు సార్. మనం తలుపులు బిగించబోయేది ఆస్పత్రి టోకెన్లకీ పింఛన్లకీ. అక్కడికొచ్చేవాళ్ళ వేళ్ళు మన క్యాంటీన్ పిల్లల వేళ్ళలా ఉండవు. చూపు లేక ఫోన్ చదివి వినిపిస్తుంటే నొక్కేవాళ్ళు ఉంటారు. పక్షవాతం వచ్చి ఒక్క వేలే ఆడేవాళ్ళు ఉంటారు. వాళ్ళందరికీ మనిషివి కాదు పొమ్మని చెప్తుంది మన డబ్బా. వాళ్ళూ ఫోన్ చేసి తిట్టరు."

పట్నాయక్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వాళ్ళ నాన్నగారికి చేతులు వణుకుతాయి. పింఛన్ దరఖాస్తు ఆయనే నొక్కుకుంటారు, ఎవరినీ ముట్టుకోనివ్వరు. ఆ సంగతి ఆఫీసంతటికీ తెలుసు.

"బతికిపోయాం" అన్నారు చివరికి, కుర్చీలో వెనక్కి వాలి. "ఎల్లుండి తర్వాత తెలిసుంటే ఏమయ్యేదమ్మా? నాకు ముద్ద దిగేదా?" తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్ళిన హిమబిందుకి ఆ మాటతో ఒళ్ళు తేలికైంది.

అధికారులు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి ఉన్నదున్నట్టు చెప్పేశారు. తలుపు తీసేశామని, మనుషుల్ని గుర్తుపట్టడం డబ్బాకి మళ్ళీ మొదటినుంచి నేర్పాలని, ఈసారి క్యాంటీన్‌లో కాకుండా ఊళ్ళ మీద పడి నేర్పుతామని. బేరం వాయిదా పడింది. అందులో ఒక పెద్దావిడ మాత్రం వెళ్తూ వెళ్తూ, "ముందే చెప్పినందుకు మంచి పని చేశారు" అంది. పట్నాయక్ గారు ఆ సాయంత్రం అందరికీ బజ్జీలు తెప్పించారు.

ఇంట్లో జరిగింది మాత్రం అంతకు ముందటి సంగతి. జల్లెడ పట్టిన మర్నాడు పొద్దున్నే, టిఫిన్ల వేళకి, హిమబిందు డబ్బాని హాల్లో బల్ల మీద పెట్టి భర్తని పిలిచింది. యంత్రాలు కనపడకుండా తీసేసింది. తెర నల్లగా ఉంది.

"ఎంతమంది?" అన్నాడు పైడిరాజు.

"అంకె చెప్పనండీ. చూడండి."

నీలం చుక్క ఒకటి వెలిగింది. కంటికి గుచ్చుకునేంత నీలం. దాని పక్కన ఇంకొకటి, ఆపైన నాలుగైదు. పనులకి బయలుదేరేముందు వాళ్ళంతా చదువుకునే వేళ అది. తలుపు తెరుచుకుందని ఒకరికొకరు అప్పుడే చెప్పుకున్నారు కాబోలు. చుక్క మీద వేలు పెడితే ఆ మనిషి ఏ పాఠంలో ఏ అక్షరం దగ్గరున్నాడో కనిపిస్తుంది.

పైడిరాజు ఒక చుక్క మీద వేలు పెట్టాడు. అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చి ఒకచోట నిలిచిపోయాయి.

"'గ' దగ్గర ఆ... ఆగాడు" అన్నాడు మెల్లగా. "గొంతు బిగిసిపోయుంటుంది. వ... వదులు చెయ్యి నాయనా. ఊపిరి వదులు." ఎవరో, ఎక్కడివాడో తెలియని మనిషికి చెప్తున్నాడు. "ఆఁ... అదీ! దాటాడు బిందూ, దాటాడు!"

ఇంకో చుక్క. ఇంకొకరు 'క' దగ్గర ఇరుక్కున్నారు. ఆయన వాళ్ళతోపాటు ఆగి, వాళ్ళతోపాటు పలికి, వాళ్ళతోపాటు దాటాడు. పెసరట్టు చల్లారిపోయింది. అప్పలనరసమ్మ రెండోది వేసి తెచ్చింది. అదీ చల్లారింది. మూడోది ఆవిడే తినేసింది. చాలా రోజుల తర్వాత ఆ సాయంత్రం పైడిరాజు కొత్త పాఠం రాయడానికి కూర్చుంటే, హిమబిందు పక్కన కుర్చీ వేసుకుని మొదటి పాఠం నుంచి చదవడం మొదలుపెట్టింది. తన తప్పు అప్పుడు నోరు తెరిచి ఒప్పుకుంది. "చదవకుండానే కొలిచానండీ" అంది. "ఇ... ఇప్పుడు చదువుతున్నావుగా" అన్నాడాయన.

మరుసటి వారం పైడిరాజు సెలవు రద్దు చేసుకుని డ్యూటీకి బయలుదేరాడు. నత్తి పూర్తిగా పోలేదు. పోయేదాకా ఆగమని హిమబిందు చెప్పబోయింది. వినలేదు. ఆమె కూడా రైలు మానేసి కాంప్లెక్స్‌కి వచ్చి, జనంలో ఒక బెంచీ మీద కూర్చుంది. కుర్రకారు అదే చోట కూర్చుని ఉన్నారు.

స్పీకరు గరగరమంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్న బస్సు..."

అక్కడ ఆగింది.

హిమబిందు చుట్టూ చూసింది. మూటలు ఎత్తబోయినవాళ్ళు ఎత్తకుండా ఆగారు. రెండో ప్లాట్‌ఫారం మీద ఎటువెళ్ళే బస్సుందో తెలియాలి కదా. చంకలో పిల్లాడితో ఉన్న ఒకావిడ పిల్లాడి నోరు మూసి చెవి స్పీకరు వైపు పెట్టింది. కుర్రాళ్ళలో ఒకడు నవ్వబోతే పక్కనున్న ముసలాయన, "ఉండ్రా, సెప్తన్నాడు గదా!" అని కసిరాడు. రోజూ ఆ మైకులో ఎన్ని బస్సులు పిలిచినా సగం జనం చెవిన పడేది కాదు. ఇప్పుడు కాంప్లెక్స్ మొత్తం ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది. ఇది కొలవడానికి ఏ డబ్బా అక్కర్లేదు.

పైడిరాజు కంగారు పడలేదు. పడితే ఊపిరి చప్పుడు వినిపించేది. నిదానంగా, తనకి కావలసినంత సేపు తీసుకుని చెప్పాడు.

"పా... పాలకొండ."

రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద ఖాకీ చొక్కా అమ్మాయి ఫుట్‌బోర్డు మీంచి వంగి, ఊరంతా వినేలా, దాచుకోకుండా కేక వేసింది. "పా... పాలకొండ! పాలకొండ! ర... రండమ్మా, రండి!"

జనం లేచారు. హిమబిందు కళ్ళ నీళ్ళతో నవ్వుతూ కూర్చుండిపోయింది. కాసేపటికి బస్సు నిండుగా కదిలింది.